పంక్తి అందించే గొంతు

పోయిన నెల గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పై స్వరాలకు పోయినప్పుడల్లా గొంతు చీలినట్టు పలుకుతోంది. ఇక కచేరీలు ఒప్పుకోవాలో మానుకోవాలో తేల్చుకుందామని. శంషాబాద్‌లో విమానాశ్రయానికి పోయే రోడ్డు మీద, కొత్తగా కట్టిన అద్దాల భవనంలో కూర్చుంటుంది ఆమె. నా కూతురి వయసు కూడా ఉండదు. స్కాన్ తీయించి, నా గొంతును నాకే తెర మీద చూపిస్తూ, “చిన్నప్పుడు మీ మెడకి గట్టి దెబ్బ ఏమైనా తగిలిందాండి? ఇదిగో, ఈ మెత్తటి ఎముక ఎప్పుడో విరిగి, వంకరగా అతుక్కుపోయింది,” అంది. తగిలిందన్నాను. బండి మీద నుంచి పడ్డారా అని అడిగింది. లేదమ్మా, పాట పాడుతుంటే తగిలింది అన్నాను. ఆమె నవ్వింది. పాటలు పాడేవాళ్ళు సరదాగా మాట్లాడతారని అనుకుని ఉంటుంది. నేనూ నవ్వి ఊరుకున్నాను. అసలు సంగతి చెప్పడం మొదలుపెడితే బయట కూర్చున్న పేషెంట్లంతా ఆ పూటకు ఇంటికి పోవలసిందే.

ఇంటికి వచ్చి అద్దంలో మెడ చూసుకున్నాను. పైకి ఏమీ కనిపించదు. మీ గొంతులో ఆ జీర ఎంత బాగుంటుందో అని చాలామంది అంటారు. దాన్ని అనుకరించబోయి గొంతు పాడుచేసుకున్న ఆడపిల్లలు కూడా నాకు తెలుసు. వాళ్ళను చూస్తే నాకు జాలి కంటే కోపమే ఎక్కువ వస్తుంది. అది సాధన చేస్తే వచ్చిన జీర కాదు, ఒకడి చేతి వేళ్ళు చేసిన పని. ఆ వేళ్ళు నా మెడ మీదికి ఎందుకు వచ్చాయో చెప్పాలంటే మా బాపు గురించి చెప్పాలి.

మా ఊరు శంషాబాద్‌కూ కొత్వాల్‌గూడకూ నడుమ. ఇప్పుడు అక్కడ గోడలు, తీగ కంచెలు, సరుకు లారీలు బారులు తీరే జాగాలు. నా చిన్నప్పుడు ఎటు చూసినా ద్రాక్ష తోటలే. బాపు ఒక తోటలో కూలీల మీద మేస్త్రి. మైలుతుత్తం, సున్నం కలిపి పందిళ్ళకు మందు కొట్టే రోజుల్లో ఆయన చేతులు మోచేతుల దాకా నీలంగా ఉండేవి. ఇత్తడి గిన్నె నాకినట్టుండే ఆ వాసన మా దుప్పట్లలో, మా అన్నంలో, అవ్వ తలనూనెలో కూడా ఉండేది. మా ఇళ్ళల్లో అమ్మను అవ్వ, నాన్నను బాపు అనే పిలిచేవాళ్ళం. ఆ నీలం చెయ్యి చెంప మీద పడితే తేలిన మచ్చ రంగుదో దెబ్బదో బడిలో పంతులుకు తెలిసేది కాదు. బాపు అవ్వను కొట్టేవాడు, అవ్వ నన్ను కొట్టేది, నాకు ఇంకెవరూ దొరక్క మేకను తన్నేదాన్ని. ఎవరూ దీన్ని వింత అనుకోలేదు. వీధిలో ఏ ఇంట్లోనైనా ఒక పూట అరుపులు వినబడకపోతే ఒంట్లో బాగాలేదేమోనని పలకరించి వచ్చేవాళ్ళు.

కానీ ఆ మనిషి గొంతు గురించి ఏం చెప్పను. తెల్లవారుజామున లేచి, ఉప్పు నీళ్ళతో వీధి మొత్తానికి వినబడేలా పుక్కిలించి, పెరట్లో నిలబడి చీకట్లోకి ఒక్క పంక్తి పాడేవాడు. కుక్కలు మొరిగేవి, తర్వాత అవే నోరు మూసుకునేవి. అవ్వ ముందురోజు తిన్న దెబ్బలతో వాచిన మొహంతో పొయ్యి ముందు కూర్చుని, ఆ పంక్తి అయ్యేదాకా పుల్ల ఎగదోయకుండా వినేది. ఆయన్ను అంత అసహ్యించుకునే మనిషి ఆ పాటను అంత శ్రద్ధగా ఎట్లా వినగలిగేదో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైంది గానీ, అర్థమైనందుకు సంతోషమేమీ లేదు.

మా మందిరం మట్టి గోడల మీద రేకులు వేసిన ఒక పొడుగాటి గది. ముందర వేపచెట్టుకు గంటకు బదులు రైలు పట్టా ముక్క వేలాడేది, దాన్ని మోగించే ఇనుప కడ్డీ పక్కనే చెట్టు తొర్రలో ఉండేది. ఆదివారం ఆరాధనకు వచ్చేవాళ్ళలో చదువొచ్చిన వాళ్ళు వేళ్ళ మీద లెక్క. అందుకని మా దగ్గర పాటకు ఒక పద్ధతి ఉండేది. ముందు నిలబడ్డ మనిషి ఒక పంక్తిని మాటమాటా తెలిసేలా, శ్రుతిలో గట్టిగా అందిస్తాడు. వెంటనే జనమంతా దాన్ని రాగంలో పాడతారు. వాళ్ళు చివరి మాటను లాగుతుండగానే ఆయన తర్వాతి పంక్తి అందించాలి. పెళ్ళయినా, ప్రార్థన కూటమైనా, చావైనా ఇంతే. ఆ అందించే పని మా తాత నుంచి మా బాపుకు వచ్చింది. బాపుకు మగపిల్లలు లేరు కనుక, నేను పుట్టిన నాడే తన ఖర్మ కాలిందనుకుని, తర్వాత మనసు మార్చుకుని, ఆ పనికి నన్ను తయారుచేయడం మొదలుపెట్టాడు.

ఆ తయారుచేయడాన్ని ఈ రోజుల్లో శిక్షణ అంటారేమో. తోట బావి మెట్లు దిగి, నన్ను నడుములోతు నీళ్ళల్లో నిలబెట్టి, తల ముంచి పట్టుకునేవాడు. లోపల ఒక పంక్తి మొత్తం మనసులో పాడుకున్నాకే ఆయన చేతిని గిల్లాలి. ముందుగా గిల్లితే, తేల్చి ఒక్క గుక్క తీసుకోనిచ్చి మళ్ళీ ముంచేవాడు. నీళ్ళ అడుగున ఆకుపచ్చ వెలుగు, చెవుల్లో నా గుండె చప్పుడు, ఎవరో ఛాతీ మీద రోలు పెట్టినట్టు బరువు. చచ్చిపోతున్నానని చాలాసార్లు అనుకున్నాను. ఒకనాడు ఓర్వలేక ఆయన మణికట్టు కొరికాను. నోట్లోకి నెత్తురు, మైలుతుత్తం రుచి కలిసి వచ్చాయి. బాపు నన్ను జుట్టు పట్టి పైకి లేపి, చెయ్యి చూసుకుని పెద్దగా నవ్వాడు. ఇగ నీకు ఊపిరొచ్చింది అన్నాడు. అని, అదే చేత్తో కొట్టాడు. మాట స్పష్టంగా పలకకపోతే ద్రాక్ష తీగ కత్తిరించిన బరికెతో పిక్కల మీద పడేది. ఇప్పటికీ నేను ఏ మాటనూ మింగను. నా ఉచ్చారణను పత్రికల్లో మెచ్చుకున్నప్పుడల్లా నా పిక్కలు చురుక్కుమంటాయి.

దానేలు మందిరానికి హార్మోనియం తెచ్చినప్పుడు నాకు పద్నాలుగో పదిహేనో ఉంటాయి. దానేలు మార్తమ్మ పెద్దకొడుకు. మార్తమ్మ మా వీధి చివర ఇంట్లో ఉండే విధవరాలు, తోటలో గుత్తులు కోసే ముఠాకు పెద్ద. నోట్లో ఎప్పుడూ పొగాకు ముక్క ఉండేది. ఆమె చిన్నకొడుకు యోసేపు ఎద్దులాంటి మనిషి, మాట తక్కువ. దానేలు మాత్రం సన్నగా, నవ్వుతూ ఉండేవాడు. పట్నంలో ఒక కొట్లో పనిచేస్తూ అక్కడే ఎవరి దగ్గరో సంగీతం నేర్చుకున్నాడు. అతను పాడితే గొంతులోంచి కాకుండా ఇంకెక్కడినుంచో వచ్చినట్టుండేది, బలవంతం అనేదే ఉండేది కాదు. దెబ్బలు తినకుండా కూడా పాట వస్తుందని నాకు తెలిసింది అతన్ని చూశాకే. ఆ సంగతి తెలిసినందుకు నాకు అతనంటే ప్రాణంగా ఉండేది, బాపు అంటే ఇంకా మంటగా ఉండేది.

అతను ఇంటికొకటి చొప్పున పాటల పుస్తకాలు కూడా తెచ్చాడు. కుర్రవాళ్ళంతా ఇప్పుడు చదువుకుంటున్నారు గనుక, పంక్తి అందించడం మానేసి అందరూ పుస్తకం చూసి హార్మోనియంతో కలిసి పాడాలన్నాడు. అన్నదాంట్లో తప్పు లేదు. పాట మధ్యలో మాటలు చొరబడితే రాగం తెగిపోతుందనేవాడు, అదీ నిజమే. మందిరం రెండు ముక్కలైంది. బాపు ఒక శ్రుతిలో పంక్తి అందిస్తుంటే, దానేలు ఇంకో శ్రుతిలో హార్మోనియం ఎత్తుకునేవాడు. కుర్రవాళ్ళు అటు, ముసలివాళ్ళు ఇటు. మార్తమ్మకు అక్షరం ముక్క రాదు. కొడుకు పుస్తకం ఆమె ఒళ్ళో పెట్టి పోయేవాడు. ఆమె దాన్ని మూసి, బాపు నోటివైపు చూస్తూ ఆయన అందించిందే పాడేది. ఇంటికి పోయాక తల్లీకొడుకులు దీని మీద పోట్లాడుకోవడం మాకు వినబడేది. అదే సమయానికి మా ఇంట్లో బాపు అవ్వ మీద పడి దానేలును కొట్టలేని కోపమంతా తీర్చుకునేవాడు.

కోతల పండుగ నాడు తెగింది. మందిరంలో ముందర వరి కంకులు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, మా తోట నుంచి వచ్చిన ద్రాక్ష గంపలు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి, తుక్కుగూడ దిక్కు నుంచి కూడా చుట్టాలు వచ్చారు. అంతమంది ముందు బాపు పంక్తి అందించాడు. దానేలు హార్మోనియం ఆపలేదు. బాపు మళ్ళీ అందించాడు. కుర్రవాళ్ళు పుస్తకంలో ఉన్నది గొంతెత్తి పాడుతూనే ఉన్నారు. బాపు గొంతు ఆ చప్పుళ్ళ మీదికి ఎక్కబోయి పట్టు తప్పి, కీచుమంది. చుట్టాల్లో ఎవరో నవ్వారు. అప్పుడు దానేలు వాయించడం ఆపి, ఎగతాళిగా కాదు, నిజంగానే మంచి చెబుతున్నట్టు అన్నాడు:

“నీ గొంతు అయిపోయింది మామా. ఇగ జర కూసో.”

బాపు బయటికి నడిచాడు. అలిగి ఇంటికి పోయాడని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను, హాయిగా కూడా అనిపించింది. పాట మళ్ళీ మొదలైంది. గుమ్మంలో వెలుతురు ఒక్కసారి ఆగినట్టయి తలెత్తితే బాపు చేతిలో గంట కొట్టే ఇనుప కడ్డీ ఉంది. కూర్చున్న జనం మధ్యలోంచి, ఎవరి కాళ్ళూ తొక్కకుండా జాగ్రత్తగా నడుచుకుంటూ పోయి, వెనక నుంచి దానేలు నెత్తి మీద కొట్టాడు. పచ్చి గుమ్మడికాయ నేలకేసి కొట్టిన చప్పుడు. దానేలు హార్మోనియం మీదికి వాలిపోయాడు. అతని ఛాతీ కింద మెట్లన్నీ నొక్కుకుపోయి, తిత్తిలో గాలి ఉన్నంతసేపు అది కేకవేస్తూనే ఉంది. ఆ కేక ఆగేదాకా బాపు కొడుతూనే ఉన్నాడు. కోళ్ళు కట్లు తెంచుకుని రెక్కలు కొట్టుకుంటూ నెత్తుట్లో పడి, అందరి బట్టల మీదికి ఎగిరాయి. ద్రాక్ష గంప తన్నుకుపోయి పళ్ళు కాళ్ళ కింద చితికి, ఏది రసమో ఏది నెత్తురో తెలియలేదు. యోసేపు బాపు మీద పడ్డాడు, ఇంకా నలుగురు పడ్డారు. పోలీసులు వచ్చేదాకా బాపును వేపచెట్టుకు కట్టేసి కొట్టారు. ఒక కన్ను పోయింది. నాకు ఆ కొడుతున్నవాళ్ళను ఆపాలనిపించలేదు. ఇంకా కొట్టండి అనిపించింది. దానేలు చెయ్యి ఒకటి అప్పటికీ హార్మోనియం మెట్ల మీదే ఉంది.

ఆ సాయంత్రం మా ఇంటి మీద రాళ్ళు పడ్డాయి. తలుపు విరిగింది. పెరట్లో మేకను నాలుగు కాళ్ళూ విరగ్గొట్టి వదిలేశారు. అవ్వ కొడవలి పట్టుకుని గడపలో కూర్చుంది. ఏడవలేదు. నన్ను మాత్రం దగ్గరికి రానివ్వలేదు.

మర్నాడు పెద్ద దవాఖాన నుంచి శవం వచ్చింది. సమాధుల తోట మా పెరటి గోడకు ఆనుకునే ఉన్న గుట్ట కింద. గోడ పగుళ్ళలోంచి నాకు అన్నీ కనిపిస్తున్నాయి. గుంత తవ్వారు, పెట్టె తెచ్చారు, పాస్టరుగారు ప్రార్థన చేశారు. కుర్రవాళ్ళు పుస్తకాలు తెరిచి పాట అందుకున్నారు. మట్టి పాట అని మావాళ్ళు పిలిచే పాట, పెట్టెను లోపలికి దించేటప్పుడు పాడేది. మార్తమ్మ నోరు తెరిచింది. మాటలు రాలేదు. పాట నడుస్తూనే ఉంది, ఆమె అందరి మొహాల్లోకీ చూస్తోంది. ఎన్నోసార్లు పాడిన పాటే గానీ, ఎప్పుడూ ఎవరో అందిస్తేనే పాడింది. ఆ పూట ఆమె తలలో ఒక్క ముక్క నిలవలేదు. చివరికి గుంత అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడేసి, నేను పాడకుంట నా కొడుకును మట్టిల పెట్టనియ్యను అంది. కుర్రవాళ్ళు అందించబోయారు గానీ, వాళ్ళకు ఆ పని రాదు. ఒకడు మొత్తం చరణం ఒకేసారి చదివేశాడు, ఇంకొకడు ఏడుస్తూ ఆగిపోయాడు. ఎండ ఎక్కింది. ఈగలు ముసిరాయి. పోస్టుమార్టం చేసిన శవం, వాసన మొదలైంది. పెట్టెను దించుదామని ఇద్దరు ముందుకు వస్తే మార్తమ్మ మట్టిగడ్డలు తీసుకుని మొహాల మీద కొట్టింది.

మా అవ్వ ఇదంతా గోడ పక్కన నిలబడి వింటోంది. కొడవలి కింద పడేసింది. నా జుట్టు పిడికిట పట్టుకుంది. “పో. పోయి పాడు. నిన్ను సంపుతే సంపనియ్యి, పాట నడ్మ ఆపకు,” అంది. నేను గడప పట్టుకున్నాను. నా వేళ్ళ మీద కాలితో తొక్కి విడిపించింది. విరిగిన తలుపు మీదుగా, వీధి పొడుగునా, గుట్ట చుట్టూ నన్ను జుట్టు పట్టి ఈడ్చుకుంటూ సమాధుల తోటకు తీసుకుపోయింది. జనం తప్పుకున్నారు. నన్ను గుంత ముందు పడేసి, వాళ్ళందరికీ వినబడేలా చెప్పింది. “మా ఇంటాయన సంపిండు. మా పిల్ల పాడుతది. ఎనుక మమ్ముల ఏం జేసుకుంటరో జేసుకోండ్రి.”

లేచి నిలబడ్డాను. ఎదురుగా పెట్టె, దాని మీద మూత, మూత కింద దానేలు. చావు దగ్గర నేను ఒంటరిగా ఎప్పుడూ అందించలేదు. భయంతో ఎత్తుకున్న పాట పైకే పోతుంది, ఇది నేను తర్వాత ఎంతోమంది పిల్లలకు చెప్పాను. ఆ రోజు నాకు తెలియదు. మొదటి పంక్తినే ఆకాశానికి ఎత్తేశాను. దాన్ని అందుకోవడం అక్కడున్న ఏ ఒక్కరి వల్లా కాదు. పైగా నాకు వచ్చిన ఎత్తుగడ అంతా బాపుదే. మాట చివర లాగే తీరు, మధ్యలో గొంతు గట్టిగా మోపే తీరు. యోసేపుకు నేను కనిపించలేదు, మా బాపే వచ్చి తన ముందు నిలబడి అన్నను మళ్ళీ ఓడిస్తున్నట్టు కనిపించింది. ఒక్క దూకులో వచ్చి నా మెడ రెండు చేతులా పట్టుకున్నాడు. నా కాళ్ళు నేల విడిచాయి. మెడ లోపల ఎండు కందికట్టె విరిగినట్టు చప్పుడైంది, అది నాకు చెవుల్లోంచి కాదు, పళ్ళల్లోంచి వినబడింది. బావిలో నేర్చుకున్న ఊపిరి లేకపోతే అక్కడే పోయేదాన్ని. ఎవరూ అడ్డం రాలేదు. అవ్వ కూడా రాలేదు. చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది. ఆ సంగతి నేను ఆమెను చివరిదాకా అడగలేదు, క్షమించనూ లేదు.

“ఇడువురా దాన్ని,” అంది మార్తమ్మ. “అది సస్తే నాకు పాటెవలు చెప్తరు.”

యోసేపు వదిలేశాడు. నేను మట్టి కుప్ప మీద పడి, దగ్గితే నెత్తురు పడింది. మార్తమ్మ గుంత అంచు నుంచి లేచి నా దగ్గరికి వచ్చింది. మట్టి చేత్తో ఆ చెంపా ఈ చెంపా వాయించింది. ఆ కొట్టడంలో ఉత్తుత్తిది ఏమీ లేదు, తన బలం కొద్దీ కొట్టింది. అలిసిపోయాక నా గడ్డం పట్టి పైకెత్తి, “తగ్గిచ్చి ఎత్తుకో. అంత మీదికి పోతే నేనెట్ల అందుకుంట,” అంది.

తగ్గించి ఎత్తుకున్నాను. అసలు పైకి పోవడానికి గొంతే మిగల్లేదు. గరగరమని, మనిషి గొంతులా కాకుండా, తవ్వే పార రాయికి తగిలినట్టు వచ్చింది. అయినా మాట మింగలేదు. మార్తమ్మ నా నోటివైపే చూస్తూ పంక్తి అందుకుంది. ఏడుపు అడ్డం వచ్చి ఆగిపోయేది, మళ్ళీ అందుకునేది. ఆమె ఆఖరి మాట అయ్యేదాకా నేను ఆగేదాన్ని, మధ్యలో నెత్తురు ఉమ్మేసేదాన్ని, తర్వాతి పంక్తి అందించేదాన్ని. పెట్టె దిగింది. పాట అయ్యాక ఎవరూ మమ్మల్ని ఏమీ చేయలేదు. చేసినా బాగుండేదేమో, ఆ తర్వాత ఎన్నో రోజులు వీధిలో మా నీడ తగలకుండా నడిచారు.

గొంతు మూడు వర్షాకాలాల దాకా తిరిగి రాలేదు. వచ్చినప్పుడు ఇదిగో, ఇట్లా వచ్చింది. మందిరంలో అందించేవాళ్ళు ఇంకెవరూ లేక, ముసలివాళ్ళు గొడవ చేస్తే, ఆ పని నాకే ఇచ్చారు. ప్రతి ఆదివారం మార్తమ్మ ముందు వరసలో, నా కాళ్ళ దగ్గర చాప మీద కూర్చునేది. నాతో మాట్లాడదు. మా ఇంటి ముందు నుంచి పోతే ఉమ్మి పోతుంది. మా ఇంటి నీళ్ళు ఆమె కోడలు ముట్టరాదు. కానీ నేను పంక్తి అందిస్తే అందరికంటే ముందు అందుకునే గొంతు ఆమెదే. నేను తొందరపడితే అరచేత్తో నేల మీద గట్టిగా కొట్టేది. శ్రుతి పెంచితే నోరు మూసి నావైపు అట్లాగే చూసేది, నేను దించేదాకా. తర్వాత పట్నంలో గొప్ప గురువుగారి దగ్గర రాగాలు, తాళాలు అన్నీ నేర్చుకున్నాను, ఆయన రుణం చిన్నదేమీ కాదు. అయితే ఎదుటివాళ్ళ ఊపిరిని బట్టి నా ఊపిరి సర్దుకోవడం మాత్రం నన్ను చంపాలన్నంత ద్వేషంతో చూసిన ఆ రెండు కళ్ళ ముందే నేర్చుకున్నాను. అయినా ఒక్క వారం మానలేదు. మానితే ఆమె పాట ఆగిపోతుంది.

బాపు జైలు నుంచి వచ్చాక ఊళ్ళో అడుగుపెట్టలేదు. కొత్తూరులో ఒక కంపెనీకి వాచ్‌మన్‌గా చేరి, అక్కడే గేటు పక్క గదిలో ఉండేవాడు. మొదటిసారి చూడటానికి పోయినప్పుడు నేను బాపూ అని పిలవగానే ఉలిక్కిపడ్డాడు. నా గొంతు ఆయనకు కొత్త. ఉన్న ఒక్క కంటితో నా మెడ వైపు చూశాడు. ఎవడు జేసిండు అన్నాడు. అంటూనే ముసలి చెయ్యి గోడకు ఆనించిన కర్ర కోసం వెతికింది. ఇన్నేళ్ళ జైలు ఆ చేతికి ఏమీ నేర్పలేదని నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్ద జ్వరమొచ్చింది బాపూ, అప్పుడు పోయింది అన్నాను. మార్తమ్మ పాడుతుందా అని అడిగాడు. పాడుతుందన్నాను. ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా ఆ ఒక్క మాటే అడిగేవాడు.

ఇప్పుడు మా మందిరం మూడంతస్తుల స్లాబు. పాట మాటలు పెద్ద తెర మీద వస్తాయి, సంగీతం పెట్టెలోంచి వస్తుంది. ఒక్కరు కూడా మాట తప్పరు. దానేలు కోరుకున్నది అదే, అతను బతికి ఉంటే ఆ తెర చూసి ఎంత మురిసిపోయేవాడో. నా దగ్గర నేర్చుకునే పిల్లల తల్లులు, మా అమ్మాయి అన్ని విధాలా మంచి సింగర్ కావాలంటే ఏం చేయాలి మేడమ్ అని అడుగుతారు. ఒక సంస్థవాళ్ళు అదే విషయం మీద ప్రసంగించమన్నారు కూడా. నేను పోలేదు. అక్కడ ఎవరో ఒకరు లేచి, ఆ రోజుల్లో గురువులు కొట్టి నేర్పారు గనుకే మీరు ఇంతవారయ్యారు అంటారు, అందరూ చప్పట్లు కొడతారు, నాకు ఆ మైకు విసిరికొట్టాలనిపిస్తుంది. నన్ను బావిలో ముంచిన చెయ్యే దానేలు తల పగలగొట్టింది. మంచి చెయ్యి ఒకటి, చెడ్డ చెయ్యి ఒకటి అని ఆయనకు వేరుగా లేవు. దెబ్బ ఎరగని దానేలు బతికి ఉంటే నాకంటే ఎంతో గొప్పగా పాడేవాడు. ఇది వినయంతో అంటున్న మాట కాదు, చెవులున్నదాన్ని గనుక అంటున్నాను. నేను పిల్లల మీద చెయ్యి ఎత్తను. చెయ్యి దురద పెట్టని రోజు ఉందని మాత్రం చెప్పలేను.

పోయిన చలికాలంలో యోసేపు మా ఇంటికి వచ్చాడు. నా మెడ వదిలిన నాటి నుంచి ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. గేటు అవతలే నిలబడ్డాడు, ఎద్దులాంటి మనిషి కాస్తా వంగిపోయాడు. “అమ్మ పోయింది. నువ్వే పాడాలెనని చెప్పి పోయింది. నాకైతే ఇష్టం లేదు. అయిన రా,” అన్నాడు. చెప్పులు వేసుకుని ఆయన వెనకే నడిచాను.

సమాధుల తోట చుట్టూ ఇప్పుడు గోడ ఉంది. గోడ అవతలి నుంచి విమానాలు చక్రాలు దించుకుని నెత్తి మీదుగా పోతుంటాయి. మనవలు, మునిమనవలు, అందరూ చదువుకున్నవాళ్ళు, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని నిలబడ్డారు. పెట్టెను తాళ్ళ మీదికి తెచ్చారు. నేను బాగా తగ్గించి ఎత్తుకుని, మట్టి పాట మొదటి పంక్తి అందించి ఆగాను. ఎవరూ అందుకోలేదు. వాళ్ళకు ఆ పద్ధతి తెలియదు. నేను మరిచిపోయాననుకున్నారో, ఏడుపొచ్చి ఆగాననుకున్నారో, స్పీకరు పెట్టె తెచ్చిన అతను సాయం చేద్దామని అదే పాట పెట్టాడు. యోసేపు దాన్ని కాలితో తన్నాడు. అది దొర్లి మట్టిలో పడి, గరగరమని ఆగిపోయింది. ఆయన నావైపు చూడకుండానే, “ఆమెకు అందియ్యి,” అన్నాడు.

రెండో పంక్తి అందించాను. ఆమె అందుకుని, పొగాకు పక్కకు తోసి, ఆఖరి మాటను లాగి ముగించడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. అంతసేపు ఆగాను. ఆ తర్వాతే మూడోది అందించాను. పెట్టె దిగుతున్నంతసేపూ, పాట అయ్యేదాకా, అట్లాగే ఆగుతూ అందించాను.